వాడి పేరు రాయను

మా ఏడో తరగతికి నేను క్లాసు లీడరును. దానికి ఎన్నికలేమీ జరగలేదు. లెక్కల మాస్టారి కొడుకును కాబట్టి లీడరునయ్యాను, అంతే. పని కూడా ఒక్కటే. మాస్టారు వచ్చేలోగా సుద్దముక్క పట్టుకుని బోర్డు పక్కన నిలబడాలి, మాట్లాడినవాళ్ళ పేర్లు రాయాలి. రెండోసారి మాట్లాడితే పేరు పక్కన ఒక ఇంటూ గుర్తు, మూడోసారి మాట్లాడితే ఇంకొకటి. మాస్టారు రాగానే బోర్డు వైపు చూసి, గుర్తులు లెక్కపెట్టి, అన్ని దెబ్బలు కొట్టేవారు. నేను గీసిన ప్రతి గీతా కాసేపట్లో ఎవడో ఒకడి అరచేతిలో తేలేది.

ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేస్తున్నాను. మేనేజరు కుర్చీలో కూడా కూర్చున్నాను. అంతటి అధికారం మళ్ళీ నా చేతికి రాలేదు.

ఆ ఏడాది బోర్డు మీద నేను రాయని పేరు ఒకటుంది. ఎంత అల్లరి చేసినా రాయలేదు. నలభై అయిదేళ్ళు దాటాయి కదా, ఇప్పుడైనా రాయవచ్చు. రాయబుద్ధి కావడం లేదు. ఈ జ్ఞాపకమంతా వాడిదే అయినా 'వాడు' అనే సరిపెట్టుకుంటాను.

ముందు మా నాన్నగారి గురించి చెప్పాలి. మాది కృష్ణా జిల్లాలో, చల్లపల్లికి కొంచెం అవతల, కాలవగట్టును ఆనుకుని ఉన్న పల్లె. నాన్నగారు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. బడిలో ఆయనకు కొడుకు లేడు, ఇంట్లో మాత్రం ఒక విద్యార్థి ఉండేవాడు. క్లాసులో నేను ఆయన్ని 'మాస్టారూ' అనాలి. ఆయన నన్ను 'లీడర్' అనేవారు. ఇంటికొచ్చాక, కంచం ముందు కూర్చున్నాక, పప్పు వడ్డించేలోగా పదిహేడో ఎక్కం అప్పజెప్పించేవారు. పదిహేడు ఏడుల దగ్గర తడబడితే పప్పు చల్లారిపోయేది.

ఆయన శిక్షలకు ఒక పట్టిక ఉండేది. హోంవర్కు చేయకపోతే రెండు. ఎక్కం తప్పితే నాలుగు. పక్కవాడి పలక చూసి రాస్తే ఆరు. అబద్ధమాడితే పన్నెండు. ఇది ఎక్కడా రాసిపెట్టి ఉండేది కాదు గాని, పదమూడో ఎక్కం రానివాడికి కూడా ఈ పట్టిక కంఠతా వచ్చు. ఆయన కోపంతో కొట్టినట్టు నాకు గుర్తు లేదు. బెత్తం చేతిలో ఉన్నప్పుడు కూడా ఆయన ముఖం కూడిక చేస్తున్న మనిషి ముఖంలాగే ఉండేది. కోపం ఉంటే బాగుండేదని మాకు అనిపించేది. కోపం ఎప్పుడో ఒకప్పుడు తగ్గుతుంది, లెక్క తగ్గదు.

ఇంట్లో బామ్మ రాజ్యం. ఆవిడ మడి గట్టుకుని పెరట్లోకి వస్తే మేమందరం గోడలకు బల్లుల్లా అతుక్కుపోయేవాళ్ళం. బట్ట తగిలితే మళ్ళీ స్నానం, అది చలికాలమైనా సరే. వీధిలో కోడి కనపడితే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునే మనిషి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం.

వాడు 1978 జూన్‌లో మాతో పాటు ఆరో తరగతిలో చేరాడు. అంతకు ఏడు నెలల ముందు, 1977 నవంబరు 19న, దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. మా ఊరికి సముద్రపు నీళ్ళు రాలేదు, గాలి వచ్చింది. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, కొబ్బరిచెట్లు విరిగాయి, అంతవరకే. వాడిది నాగాయలంక అవతల, సముద్రం పక్క ఊరు. అమ్మ, చెల్లెలు ఆ రాత్రే పోయారు. నాన్న బతికాడు గాని ఇంటిపట్టున ఉండలేక ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. వాడిని మా ఊళ్ళో మేనమామ తెచ్చుకున్నాడు. మాకంటే రెండేళ్ళు పెద్ద. వెనక బల్ల మీద కూర్చునేవాడు.

పిల్లలు ఎంత దుర్మార్గులంటే, వాడికి 'ఉప్పెన' అని పేరు పెట్టారు. 'ఒరే ఉప్పెనా' అని పిలిచేవారు. ఒకరిద్దరు మాస్టార్లు కూడా నవ్వుతూ అలాగే పిలిచారు. వాడు పలికేవాడు. నాన్నగారు మాత్రం హాజరు పట్టీలో ఉన్న పూర్తి పేరుతో, ఇంటిపేరుతో సహా పిలిచేవారు. ఆయన్ని తలచుకున్నప్పుడు నేను దీన్ని కూడా లెక్కలో వేస్తాను.

వాడికి లెక్కలు వచ్చు, బడి లెక్కలు రావు. ఒకరోజు నాన్నగారు లేపి, "ఏడు ఎనిమిదులు ఎంత?" అన్నారు. వాడు చూరు వైపు చూసి, వేళ్ళు ముడిచి, "పద్నాలుగు పుంజీలండీ" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. చేపల బేరంలో పుంజీ అంటే నాలుగు. వాళ్ళ అమ్మ గంప దించుకుని చేపలు లెక్కపెట్టేటప్పుడు పక్కన కూర్చుని నేర్చుకున్న లెక్క అది. నాన్నగారు నవ్వలేదు. ఒక్క క్షణం ఆగి, "పద్నాలుగు నాలుగులు యాభై ఆరు. జవాబు తప్పు కాదు. అడిగిన భాషలో చెప్పకపోవడం తప్పు" అని రెండు కొట్టారు. తప్పు కాదన్నందుకు వాడు సంతోషపడ్డాడో, రెండు పడ్డందుకు బాధపడ్డాడో గాని, బల్ల మీద కూర్చుంటూ నా వైపు చూసి కన్నుగీటాడు. మా స్నేహం అక్కడ మొదలైందనుకుంటాను. అప్పటి నుంచి వాడి హోంవర్కు పుంజీల్లోంచి మామూలు అంకెల్లోకి మార్చే పని నాది. దానికి బదులు వాడు నాకు తేగలు తెచ్చిపెట్టేవాడు. కాలవలో ఈత నేర్పాడు, ఇంట్లో తెలియకుండా.

మా ఇంటికి వస్తే దొడ్డిగుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. ఎవరూ ఆగమనలేదు, రమ్మననూ లేదు. ఎండ వేళ అయితే బామ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి, పైనుంచి ధారగా పోసేది. వాడు వంగి దోసిలి పట్టేవాడు. మోచేతుల మీదుగా కారిన మజ్జిగ నేల మీద తెల్లటి చుక్కలుగా పడేది. ఒక చుక్క కూడా చెంబుకు తిరిగి తగలకుండా పోయడంలో బామ్మకు మంచి నేర్పు ఉండేది. పక్కనే నేను గ్లాసుతో తాగుతూ నిలబడేవాణ్ణి. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ గ్లాసు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఉప్పెన గురించి వాడు ఒకే ఒక్కసారి మాట్లాడాడు. కాలవగట్టు మీద ఒళ్ళు ఆరబెట్టుకుంటున్నాం. వాడి భుజాల మీద, చేతుల మీద మశూచి పోసినట్టు చిన్నచిన్న మచ్చలుంటే ఏమిటని అడిగాను. తుమ్మముళ్ళు అన్నాడు. ఆ రాత్రి తుమ్మచెట్టు కొమ్మల్లో చిక్కుకుని బతికాడు. "చీకట్లో ఎవరూ కనపడరు కదా. ఊళ్ళో వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ ఉన్నాం తెల్లవార్లూ. పలికినవాళ్ళు పలికారు" అన్నాడు. తరవాత లేచి మళ్ళీ నీళ్ళలోకి దూకాడు.

మర్నాడు బోర్డు దగ్గర నిలబడ్డప్పుడు వాడు వెనక బల్ల మీద ఈల వేశాడు. సుద్దముక్క ఎత్తాను. మొదటి అక్షరం కూడా పడలేదు. ఎందుకు పడలేదో అప్పుడు నన్నడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.

రాయడం లేదని కొన్నాళ్ళకు ఒకడు నాన్నగారికి చెప్పాడు. "లీడర్, వాడు ఈల వేశాడా?" అని అడిగారు. "వినపడలేదండీ" అన్నాను. "వినపడని చెవులకు నాలుగు" అన్నారు, పట్టికలో లేని శిక్ష అది. ఆ నాలుగుతో ఆ గొడవ ముగిసింది.

ఇక స్కైలాబ్ సంగతి. 1979 జూన్, జులై నెలల్లో మన పల్లెల్లో ఉన్నవాళ్ళకు దీని గురించి చెప్పనక్కర్లేదు. అమెరికావాళ్ళు 1973లో ఆకాశంలోకి పంపిన 77 టన్నుల ప్రయోగశాల, కక్ష్య తప్పి కిందికి దిగిపోతోందని రేడియోలో చెప్పడం మొదలుపెట్టారు. ఎక్కడ పడుతుందో కచ్చితంగా ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పలేకపోయారంటే మన నెత్తినే పడుతుందని అర్థం. పంచాయతీ ఆఫీసు రేడియో చుట్టూ పొద్దునా సాయంత్రం జనం. రేడియో చెప్పింది ఒకటయితే, అది వీధి చివరికి వెళ్ళేసరికి ఇంకొకటయ్యేది.

పట్నంవాళ్ళు ఈ కథ విని నవ్వుతారు. కోళ్ళు, మేకలు కోసుకుని తినేశారట, అప్పులు తీర్చడం మానేశారట అని. నిజమే, మా ఊళ్ళోనూ తిన్నారు. కానీ మా ప్రాంతంలో భయానికి ఒక కారణముంది. ఉప్పెన వచ్చి రెండేళ్ళు కాలేదు. ఆ వేసవిలోనే, మే నెలలో, కోస్తా మీదికి మరో తుపాను వచ్చి పోయింది. ఉప్పెనప్పుడు అంత పెద్ద అల వస్తుందని చెప్పినవాడు లేడు, అయినా వచ్చింది. ఇప్పుడు రేడియోవాడే చెబుతున్నాడు, రాకుండా ఉంటుందా?

నాన్నగారు బడిలోంచి గ్లోబు పట్టుకొచ్చి రచ్చబండ దగ్గర అందరికీ లెక్క చెప్పారు. భూమ్మీద మూడు వంతులు నీళ్ళు. మిగిలిన వంతులో అడవులు, ఎడారులు పోను మనుషులున్న చోటెంత, అందులో మన ఊరెంత, అది వచ్చి సరిగ్గా ఇక్కడే పడటానికి అవకాశమెంత అని సున్నా తరవాత సున్నాలు చెప్పుకుంటూ పోయారు. అందరూ శ్రద్ధగా విన్నారు. చివరికి ఒక ముసలాయన, "అంతా నీళ్ళేనంటున్నారు. ఉప్పెన కూడా నీళ్ళే కదండీ మాస్టారూ" అన్నాడు. నాన్నగారు గ్లోబు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశారు. ఆయన దగ్గర జవాబు లేకపోవడం నేను చూసింది అదే మొదటిసారి.

వాడి దగ్గర ఒక పుంజు ఉండేది. పుంజు మామది, పెంపకం వాడిది. కాకిడేగ. నల్లటి ఒంటి మీద మెడ దగ్గర, రెక్కల మీద ఎరుపు. పిల్లగా ఉన్నప్పుడు గద్ద తన్నుకుపోబోతే కర్రతో విదిలించి కాపాడాడు. దానికి గంట్లు, చోళ్ళు పెట్టేవాడు. పందేనికి తయారు చేసే కోళ్ళను ఈత కొట్టిస్తారు. నాకు ఈత నేర్పిన రేవులోనే దానికీ నేర్పాడు. నాకంటే అదే ముందు నేర్చుకుందని వెక్కిరించేవాడు. మామ దాన్ని సంక్రాంతి పందెంలో దింపాలనుకున్నాడు. ఇప్పుడు లోకమే పోతుంటే సంక్రాంతి ఎక్కడిది? బుధవారం పడుతుందంటున్నారు కాబట్టి మంగళవారానికి కోసుకుందామని నిర్ణయం.

ఆదివారం సాయంత్రం, మసక చీకటిలో, వాడు దొడ్డిగుమ్మం దగ్గరికి వచ్చాడు. తువ్వాల కింద పుంజు.

"మీ ఇంట్లో అయితే కోడిని ఎవరూ వెతకరు" అన్నాడు.

నిజమే కదా! ఊరందరి ఇళ్ళూ గాలించినా మా ఇంట్లో వెతకాలని ఎవడికీ తోచదు. అలాంటి తెలివి లెక్కల్లో వంద మార్కులు వచ్చే నాకు తోచలేదు, పుంజీలవాడికి తోచింది.

గొడ్ల సావిడి అటక మీదికి ఎక్కించాం. అక్కడ తౌడు డబ్బాలు, తెలగపిండి, పాత పలుపుతాళ్ళు, విరిగిన నాగళ్ళు ఉండేవి. "తెల్లవారుజామున కూస్తే?" అని అడిగాను. వాడు నన్ను ఏమీ తెలియనివాణ్ణి చూసినట్టు చూశాడు. "కోడి కూయాలంటే మెడ నిక్కించాలి. తల పైకెత్తే చోటు లేకపోతే గొంతు లేవదు" అన్నాడు. ఎత్తు తక్కువ తట్ట ఒకటి వెతికి, పుంజును కూర్చోబెట్టి, మీద బోర్లించాడు. గాలి ఆడేలా అంచు కింద ఒక ఇటుక ముక్క పెట్టాడు. పైన గోనెసంచి కప్పాడు. కప్పే ముందు ఒకసారి చెయ్యి లోపలికి పెట్టి, దాని మెడ మీద వేళ్ళతో మెల్లగా పైనుంచి కిందికి రాశాడు. ఆ చీకట్లో పుంజు కన్ను ఒక్కటే కనపడింది, గుండ్రంగా, గురివింద గింజలా. అది మూసుకున్నాక సంచి దించాడు.

"ఎవరు అడిగినా చెప్పవద్దు" అన్నాడు.

"చెప్పను" అన్నాను.

ఒట్టు వేయించుకోలేదు. ఇది నాకు చాలా గొప్పగా అనిపించింది. ఆ వయసులో పెన్సిలు ముక్క అప్పు ఇవ్వాలన్నా ఒట్టు వేయించుకునేవాళ్ళం.

సోమవారం వ్యాసపూర్ణిమ. బామ్మ పొద్దున్నే తులసికోట దగ్గర ముగ్గు వేస్తూ ఆగిపోయింది. నల్లటి ఈక ఒకటి నేల మీద. "ఇదెక్కడిదిరా?" అంది, వేలితో దూరం నుంచే చూపిస్తూ. "కాకి ఈక బామ్మా" అన్నాను. కాకిడేగ కాబట్టి సగం నిజమే అని మనసులో సర్దిచెప్పుకున్నాను. బామ్మ ఆ ఈక మీద చెంబెడు నీళ్ళు, తన నెత్తిన బిందెడు నీళ్ళు పోసుకుంది.

రోజుకు మూడుసార్లు, ఎవరూ లేనప్పుడు, అటకెక్కి పుంజుకు నూకలు, తౌడు పెట్టేవాణ్ణి. కొబ్బరి చిప్పతో నీళ్ళు. మా పాలేరు, ముసలాయన, నేను తాతా అని పిలిచేవాణ్ణి, ఆయన తెలగపిండి కోసం రోజూ అటకెక్కేవాడు. చూసే ఉంటాడు, చూడకుండా ఎలా ఉంటాడు? ఒక్క మాట అనలేదు. మంగళవారం నేను వెళ్ళేసరికి, ఎప్పుడూ గోడవారగా ఉండే తౌడు డబ్బా నా చేతికి అందేలా నిచ్చెన పక్కకు జరిగి ఉంది. అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

మంగళవారం మామ పుంజు కోసం వెతికాడు. ఊరంతా వెతికాడు. వాడిని అడిగాడు. ఆ రాత్రి వాళ్ళింట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. బుధవారం, జులై 11న, వాడు బడికి రాలేదు.

ఆ రోజు సగం మంది రాలేదు. ఎప్పుడు చచ్చినా ఇంట్లోవాళ్ళతోనే చావాలని చాలామంది పిల్లల్ని పంపలేదు. మా ఇంట్లో అలాంటి వెసులుబాటు ఉండదు. మొదటి పీరియడు లెక్కలు. నాన్నగారు హాజరు వేసి, పట్టీ మూసి, కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారంటే పాఠం మొదలుకాదని మాకు తెలుసు.

"ఊళ్ళో ఒక కోడి కనపడటం లేదట. ఎవరికైనా తెలుసా?"

ఎవరూ మాట్లాడలేదు.

"లీడర్. నీకు తెలుసా?"

"తెలియదండీ."

"ఇంకోసారి అడుగుతున్నాను."

"తెలియదండీ."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "బోర్డు మీద నీ పేరు రాయి" అన్నారు. రాశాను. చెయ్యి వణికి, అక్షరాలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయాయి. "దాని పక్కన ఎన్ని గుర్తులు పెట్టాలో నీకే తెలుసు. పెట్టు" అన్నారు.

సుద్దముక్క పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనక ఎవరో దగ్గారు. గుర్తులేమీ పెట్టకపోతే నిజం చెప్పినట్టు, కూర్చోవచ్చు. అది అబద్ధం మీద అబద్ధం. పెడితే అబద్ధం చెప్పానని నేనే ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే తరవాత ప్రశ్న 'మరి ఎక్కడుంది?' అని వస్తుంది. నాకు రెండు దారులే కనిపించాయి, రెండూ మూసుకునే ఉన్నాయి. చివరికి ఒక గుర్తు పెట్టాను. తరవాత ఇంకొకటి. బోర్డు మీద సుద్ద కీచుమంటుంటే ఒళ్ళు జలదరించింది. పన్నెండు పెట్టి, పక్కకు జరిగి, కుడి చెయ్యి చాపాను.

నాన్నగారు గుర్తులు లెక్కపెట్టారు. పెదవులు కదలడం చూశాను. మరో ప్రశ్న వేయలేదు. బెత్తం తీసుకున్నారు.

కుడిచేతి మీద ఆరు, ఎడమచేతి మీద ఆరు. మొదటి రెండూ మంట. మూడోదానికి చెయ్యి తనంతట తానే వెనక్కి పోయింది. ఆయన ఆగి, నేను మళ్ళీ చాపేదాకా చూశారు. నాలుగోదాని తరవాత అరచెయ్యి నాది కాదనిపించింది, లావుగా, బరువుగా, ఎవరిదో చెయ్యి తెచ్చి అతికించినట్టు. ఎనిమిదో తొమ్మిదో పడుతుండగా కిటికీలోంచి కాలవ కనపడింది. లాకులెత్తిన కొత్త నీళ్ళు, ఎర్రగా. వాటినే చూస్తూ ఉండిపోయాను. పన్నెండు పూర్తయ్యాక ఆయన బెత్తం బల్ల మీద పెట్టి, బోర్డు మీది నా పేరును డస్టరుతో తానే తుడిచేశారు. ఎప్పుడూ తుడిచేది లీడరే.

"కూర్చో" అన్నారు. పాఠం చెప్పారు. ఏ పాఠమో గుర్తు లేదు.

ఆ సాయంత్రం అమ్మ ఏమీ అడగకుండా అరచేతులకు వెన్న రాసింది. అన్నం కలిపి పెట్టింది, ఆ వేళ ఎక్కం అప్పజెప్పించలేదు. బామ్మ దేవుడి గదిలో విష్ణు సహస్రనామం మొదలుపెట్టి, అయిపోతే మళ్ళీ మొదటికి వచ్చింది. వీధిలో కోళ్ళకూరల వాసన, పిండివంటల వాసన. కొందరు కొత్త బట్టలు కట్టుకుని అరుగుల మీద కూర్చున్నారు. పున్నమి వెళ్ళి రెండు రోజులు, మబ్బుల చాటున చంద్రుడు వస్తూ పోతూ ఉన్నాడు. నాన్నగారు పడక కుర్చీ వాకిట్లో వేయించుకుని, రేడియో ఒళ్ళో పెట్టుకుని, ఆకాశం వంక చూడకుండా పేపరు చదువుకున్నారు. నేను నిద్రపోకూడదనుకున్నాను. పుంజుకు రాత్రి నీళ్ళు పెట్టలేదు, వేళ్ళు ముడుచుకోవడం లేదు, నిచ్చెన పట్టుకోలేను. ఆ బెంగతోనే నిద్రపోయాను. లోకం సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

తెల్లవారుజామున కూసింది.

తట్ట ఎలా పక్కకు ఒరిగిందో ఏమో, నాలుగు రోజులు బిగబట్టుకున్న గొంతు అంతా ఒక్కసారి వదిలింది. సావిడి పెంకులు ఎగిరిపోతాయేమో అన్నంత గట్టిగా. ఇంటిల్లిపాదీ లేచాం. బామ్మ తడి చీరతో బావి దగ్గర నిలబడిపోయింది. "ఇదేమిట్రా, మన ఇంట్లోంచే కూస్తోంది!" అంది. మళ్ళీ కూసింది. మూడోసారి కూడా.

నాన్నగారు అటక వైపు చూడలేదు. వేపపుల్ల నోట్లోంచి తీసి, "తెల్లారిందన్నమాట" అన్నారు. కాసేపాగి నాతో, "లోకం ఉంది. ఇక వాళ్ళ కోడిని వాళ్ళకిచ్చి రా" అన్నారు.

పుంజును చంకలో పెట్టుకుని వెళితే మామ గుమ్మంలోనే ఎదురయ్యాడు. కోపంగా లేడు. "నిన్న పొద్దున్నే మీ నాన్నగారి దగ్గరికొచ్చాను బాబూ. 'కోడి మా సావిట్లో ఉంటే ఉండనీ. రేపటికి లోకం ఉంటే వచ్చి పట్టుకెళ్ళు. లేకపోతే నీకూ దానితో పనిలేదు' అన్నారు" అని నవ్వాడు. అంటే బడికి రాకముందే నాన్నగారికి అంతా తెలుసు. ఆ ప్రశ్న కోడి కోసం వేసింది కాదు.

స్కైలాబ్ ఆ రాత్రే, మనకు పది దాటాక, హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలుగా పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అక్కడి ఎస్పరెన్స్ అనే ఊరి పాలకమండలి, చెత్త పారేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాసిందని పెద్దయ్యాక చదివాను. మా ఊరి పంచాయతీకి ఆ ఆలోచన వచ్చి ఉంటే, కోళ్ళ ఖరీదు, పన్నెండు బెత్తం దెబ్బల ఖరీదు కలిపి నేనే బిల్లు తయారుచేసి ఇచ్చేవాణ్ణి.

నాన్నగారు ఆ తరవాత ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ ఎవరు చెప్పి ఉంటారన్నది నన్ను తొలిచేసింది. తెలిసినవాళ్ళు ముగ్గురు. నేను చెప్పలేదు. వాడు చెప్పడు. ఇక మిగిలింది పాలేరు తాత. ఆయనతో మాట్లాడటం మానేశాను. పిలిచినా పలికేవాణ్ణి కాదు. ఆయన మొదట్లో నవ్వి, తరవాత ముఖం చిన్నబుచ్చుకుని, చివరికి పిలవడమే మానేశాడు. నేను కాలేజీకి వెళ్ళిన ఏడాది ఆయన పోయాడు.

పుంజు సంక్రాంతికి బరిలో దిగింది. ఒక పందెం గెలిచింది, రెండోదాంట్లో పోయింది. వాడు పండగ సెలవుల తరవాత మూడు రోజులు బడికి రాలేదు. ఏడో తరగతి పరీక్షలు రాశాక ఇక చదవలేదు. నాగాయలంక వైపు వెళ్ళి పడవల మీద పనిచేశాడు. తొంభైలలో అందరిలాగే రొయ్యల చెరువు తవ్వి, అందరిలాగే కొంత సంపాదించి, తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడు అంతా పోగొట్టుకుని, మళ్ళీ పడవ దగ్గరికే వచ్చాడు. ఇప్పుడు వాడి కొడుకు చూసుకుంటున్నాడు.

ఈ మధ్య వాడికి ఫోను చేసి ఇలా రాద్దామనుకుంటున్నానని చెప్పాను. మాటల్లో పాలేరు తాత ప్రస్తావన వచ్చింది. ఆయనే చెప్పి ఉంటాడని అన్నాను.

"ఆయనెందుకు చెబుతాడు? నేనే చెప్పాను" అన్నాడు వాడు.

"నువ్వా?"

"మామ మొదటి దెబ్బ వేయగానే చెప్పేశాను. నీ పేరు, సావిడి, అటక, తట్ట, అన్నీ. రెండో దెబ్బ పడనివ్వలేదు" అని పగలబడి నవ్వాడు. నాకు వెంటనే నవ్వు రాలేదు. తౌడు డబ్బా నిచ్చెన పక్కకు జరిగి ఉండటం గుర్తొచ్చింది.

"నా పేరు రాసుకోరా, ఫరవాలేదు. ఇప్పుడు నన్నెవరు కొడతారు?" అన్నాడు.

"రాయను" అన్నాను.

"ఇంతకీ ఆ రోజు నీకెన్ని పడ్డాయి? ఎప్పుడూ చెప్పలేదు."

"పన్నెండు."

అటువైపు నవ్వు ఆగింది. వెనక ఎక్కడో పడవ ఇంజను చప్పుడు వినపడుతోంది. లెక్కవేస్తున్నట్టున్నాడు.

"మూడు పుంజీలు" అన్నాడు.